మంచి రకం

గడ్డం గీసుకుంటుంటే మెడకి కుడిపక్క, దవడ ఎముక కింద, వేలికి ఒక గడ్డ తగిలింది. నొప్పి లేదు. మేస్త్రి దాన్ని రెండు వేళ్ల మధ్య పట్టి అటూ ఇటూ కదిపాడు. పదిహేను గ్రాములుంటుంది అనుకున్నాడు. నలభై ఏళ్లుగా తక్కెడలూ కాటాలూ బాగుచేస్తున్న మనిషి, చేతికి తగిలిన దేన్నీ తూచకుండా వదలడు. తూచాడు, నురగ కడుక్కున్నాడు, చొక్కా తొడుక్కుని కొట్టుకి పోయాడు. మళ్లీ మూడు నెలలు దాని ఊసెత్తలేదు.

బజారులో అతనంటే అందరికీ గౌరవం. ఇష్టం మాత్రం ఎవరికీ లేదు. తూకపు రాయి అడుగున సీసం కరిగించి పోసి, ఆకురాయితో రాకి, గ్రాము తేడా లేకుండా చేతికిస్తాడు. ఇస్తూ నాలుగు మాటలంటాడు. తక్కువ తూచిన కొట్టువాణ్ని పదిమందిలో నిలబెట్టి కడిగేస్తాడు. "ఆయనకి నవ్వొస్తే ముందు తూచి చూసుకుని గాని నవ్వడు" అని పక్క కొట్టు గడియారాలవాడు ఒకసారి అన్నాడు. తొమ్మిదేళ్లయింది ఆ మాట అని. తొమ్మిదేళ్లుగా ఆ ఇద్దరికీ మాటల్లేవు. గోడ ఒకటే, గోడకి కొట్టే మేకు చప్పుడు ఇద్దరికీ వినపడుతుంది. అయినా లేవు.

భార్య పోయి పదహారేళ్లు. కొట్టు వెనక రెండు గదుల్లో ఒక్కడే ఉంటాడు. కూతురిల్లు రెండు వీధుల అవతల. ఆదివారం ఆదివారం వచ్చి గదులు ఊడ్చి, బట్టలు నానబెట్టి పోతుంది. తండ్రితో అవసరానికి మించి ఒక్క మాట ఖర్చుపెట్టదు. మేస్త్రికి అది సుఖంగానే ఉండేది.

ఆ గడ్డని చూసింది ఆమే.

"మెడ మీద అదేంటి నాన్నా?"

"గడ్డ."

"గడ్డని నాకూ కనిపిస్తోంది. ఎప్పట్నుంచి?"

"మొన్నట్నుంచి."

"నీ మొన్న ఎంత పొడుగుంటుందో నాకు తెలుసు. రేపు పద."

పెద్దాసుపత్రిలో వారం తిప్పారు. గొంతులోకి దీపం వేసి చూశారు. కుడివైపు టాన్సిల్ నుంచి చిన్న ముక్క కోసి పరీక్షకి పంపారు. ఫలితం వచ్చిన రోజు డాక్టరమ్మ ఇద్దర్నీ లోపలికి పిలిచింది. మేస్త్రి కూతురి వైపు తిరిగి "నువ్వు బయటుండు" అన్నాడు. ఆమె బయటే ఉండిపోయింది.

డాక్టరమ్మ చిన్నమనిషి. అతని కూతురి వయసుండొచ్చు. కాగితం బల్ల మీద పరిచి, సుత్తి లేకుండా చెప్పింది.

"క్యాన్సరండి. టాన్సిల్లో మొదలైంది, మెడలో గడ్డ దాని పిల్ల. మీకు పొగ అలవాటుందా?"

"బీడీ ముట్టలేదు. చుట్ట ముట్టలేదు. నమిలేది ముట్టలేదు. తాగుడు లేదు." మేస్త్రి ఒక్కో మాటా రాయిలా బల్ల మీద పెట్టాడు. "నాకెందుకొచ్చింది?"

"అందుకే ఇంకో పరీక్ష కూడా చేయించాను. మీది వైరస్ వల్ల వచ్చిన రకం. ఉన్నంతలో అది మంచి కబురే."

"క్యాన్సర్లో మంచి కబురా?"

"పొగాకు వల్ల వచ్చే రకంలో, ఈ దశలో పట్టుకుంటే, ఐదేళ్ల తర్వాత నూటికి సగం మంది ఉంటే గొప్ప. వైరస్ రకం మందుకీ రేడియేషన్‌కీ బాగా లొంగుతుంది. మీలాగా పొగ తాగనివాళ్లలో నూటికి ఎనభై మందికి పైనే బాగుంటారు."

"మిగతా ఇరవై?"

"మీరు ఎనభై వైపు చూడండి."

"నేను తూకాలవాణ్ని. రెండు పళ్లేలూ చూస్తాను."

డాక్టరమ్మ నవ్వింది. అతను నవ్వలేదు.

"ఈ వైరస్సు నాకెక్కడ్నుంచి వచ్చింది?"

"ఆడా మగా కలిసినప్పుడు ఒకరి నుంచి ఒకరికి వస్తుంది. ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు. పెళ్లయినవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకే ఉంటుంది. ఏడాదికో రెండేళ్లకో ఒళ్లే దాన్ని వదిలించుకుంటుంది. ఏ కొద్దిమందిలోనో మిగిలిపోయి, ఇరవై ఏళ్లకో ముప్పై ఏళ్లకో ఇలా బయటపడుతుంది. మగవాళ్లలో ఎక్కువగా గొంతులో. ఆడవాళ్లలో గర్భసంచి ముఖద్వారం దగ్గర."

మేస్త్రి కుర్చీ చేతిని పట్టుకున్నాడు.

"గర్భసంచికి వచ్చేదీ ఇదేనా?"

"దాదాపు అన్నీ ఈ జాతి వైరస్ వల్లే. ఎందుకండీ? మీ ఇంట్లో ఎవరికైనా..."

"నా భార్య. పోయింది."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది.

"ఎవరు ఎవరికి ఇచ్చారు?" అన్నాడు మేస్త్రి. అతని గొంతు ఎప్పటిలాగే ఉంది, దర్యాప్తు చేసేవాడి గొంతు.

"అది ఏ పరీక్షా చెప్పలేదు. చెప్పినా ఎవరికీ ఉపయోగం లేదు. ఉపయోగం ఉన్న సంగతి నేను చెప్తాను. బయటున్నది మీ అమ్మాయేగా? ముప్పై దాటిన ఆడవాళ్లు దీనికి పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. రోగం ముదిరి కాదు, పుట్టకముందే పట్టుకోవచ్చు. ఆమె చేయించుకుంటున్నారా?"

"తెలీదు."

"కనుక్కోండి. ఆమెకి పిల్లలున్నారా?"

"ఒక పిల్ల. పదకొండేళ్లు."

"సరైన వయసు. ఇప్పుడు టీకా వేయిస్తే ఈ గొడవ ఆ పిల్ల దాకా రాకుండా చాలావరకు ఆగుతుంది. ఇంట్లో చెప్పండి."

మేస్త్రి తలూపి లేచాడు. నడవలో కూతురు మందుల చీటీలు ఛాతీకి అదిమి పట్టుకుని నిల్చుంది.

"ఏమన్నారు?"

"క్యాన్సరే. మంచి రకమట. తగ్గుతుందట."

"ఎందుకొచ్చిందట?"

ఆ నడవకి ఆ చివర గాజు తలుపుంది. అందులో మేస్త్రికి తన ముఖం కనపడింది. అక్కడ చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది.

"సీసం పొగ" అన్నాడు.

"సీసం పొగలో మంచి రకం, చెడ్డ రకం కూడా ఉంటాయా నాన్నా?"

"ఉంటాయట" అని ముందుకు నడిచాడు.

* * *

పదహారేళ్ల కిందట భార్యకి రక్తం ఆగకుండా పోతుంటే ఇదే ఆసుపత్రికి తెచ్చాడు. అప్పుడది చిన్నది, ఒకటే అంతస్తు. చీటీల వరసలో అతని వెనక నిల్చున్న ఎవడో, పేరూ ముఖమూ కూడా గుర్తులేని ఎవడో, చీటీ మీదికి తొంగి చూసి "ఇది తిరుగుళ్లకొచ్చే జబ్బన్నా" అన్నాడు. నోట్లో ఏదో నములుతూ అన్నాడు. అంతే, ఒక్క ముక్క.

బజారంతా తూచిన మనిషి ఆ ముక్కని తూచకుండా ఇంటికి తెచ్చుకున్నాడు.

ఆ తర్వాత ఆమె బతికింది ఏడు నెలలు. అతను లోటు చేయలేదు. మందులు తెచ్చాడు, పాలు తెచ్చాడు, దుప్పటి కొన్నాడు. అన్నీ గడప దగ్గర పెట్టాడు. మంచం పక్కన కూచోలేదు. ఆసుపత్రిలో ఆడవాళ్ల విభాగానికి ఆమెని కూతురు నడిపించుకుని వెళ్తుంటే గేటు దగ్గర నిలబడ్డాడు. ఒక సాయంత్రం ఆమె "నా తప్పేంటో చెప్పు, చెప్పి తిట్టు" అని ఏడిస్తే నోరు జారాడు. జారాడనటం తప్పు. నెలలుగా నాలుక మీద నిలబెట్టుకున్న మాటే అన్నాడు.

"మర్యాదైన ఇంట్లో ఆడదానికి ఈ జబ్బు రాదు."

ఆమె చాలాసేపు గోడకేసి చూసింది. తర్వాత అంది, "ఒకసారి ఆ డాక్టర్నే అడగరాదూ?"

అతను అడగలేదు.

పెళ్లికి ముందు, ఇరవై నాలుగేళ్ల వయసులో, వేరే ఊరి ధాన్యం బజారులో కాటాలు బిగించే పని మీద మూడు నెలలు ఒక లాడ్జిలో ఉన్నాడు. ఆ వీధిలో ఒక ఇల్లుండేది. రెండుసార్లు వెళ్లాడు. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు, తనక్కూడా చెప్పుకోలేదు. మగవాడికి అలాంటివి లెక్కలోకి రావని అప్పట్లో అందరూ అనుకునేవాళ్లు. అతనూ అనుకున్నాడు. డాక్టరమ్మ గదిలో కుర్చీ చేతిని పట్టుకున్నప్పుడు అతనికి ముందుగా గుర్తొచ్చింది ఆ ఇంటి మెట్లు. ఆరు మెట్లు. నాలుగోది కదిలేది.

* * *

వైద్యం ఏడు వారాలు. శని ఆదివారాలు తప్ప రోజుకొకటి చొప్పున ముప్పై అయిదు సార్లు రేడియేషన్, వారానికొకసారి సెలైన్లో మందు. మొదలుపెట్టే ముందే పుచ్చిన పళ్లు నాలుగు పీకేశారు. ఒక్కడూ ఉంటే కుదరదని కూతురు అతన్ని తన ఇంటికి తీసుకెళ్లి, మనవరాలి చదువు బల్ల ఉన్న గదిలో మంచం వేసింది. అల్లుడు ఫ్యాక్టరీలో షిఫ్టుల మనిషి. ఇంట్లో ఉన్నంతసేపూ నిద్రపోతాడు, మేలుకుంటే వెళ్లిపోతాడు. మామగారితో మాట పడని మనిషి బజారుకీ ఇంటికీ కలిపి అతనొక్కడే.

మూడోరోజు మంచినీళ్లకి వెళ్తే ఫ్రిజ్ తలుపుకి అతికించిన కాగితం కనపడింది. బడి నుంచి వచ్చింది. పదకొండేళ్లు నిండిన ఆడపిల్లలకి ఫలానా క్యాన్సరు రాకుండా బడిలోనే టీకా వేస్తారని, తల్లో తండ్రో సంతకం పెట్టి నెలాఖరులోగా పంపాలని. సంతకం చోటు ఖాళీగా ఉంది.

కూతురు పొయ్యి దగ్గరుంది.

"ఇది పంపలేదేం?"

"ఏది?"

"టీకా కాగితం."

ఆమె వెనక్కి తిరగలేదు. "మనకెందుకు? మర్యాదైన ఇంట్లో ఆడదానికి ఆ జబ్బు రాదుగా."

అరవలేదు, వెక్కిరించలేదు. పాల ప్యాకెట్ ఎక్కడుందో చెప్పినట్టు చెప్పింది. మేస్త్రి గ్లాసు పక్కన పెట్టాడు. మాట తనదే. పలుకు మారకుండా, గ్రాము తగ్గకుండా, పదహారేళ్లు దాచి తెచ్చి ఇచ్చింది.

"అది... అప్పుడు ఏదో..."

"ఏదో కాదు. అప్పుడు నాకు పంతొమ్మిది. తలుపు పక్కనే ఉన్నాను. పెళ్లయ్యాక నర్సమ్మలు రెండుసార్లు చెప్పారు, పరీక్ష చేయించుకోమని. వెళ్లి ఆ వరస దాకా నిలబడ్డాను కూడా. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు, మా ఆయన ఏమనుకుంటాడు అని వచ్చేశాను. నీ మాట నమ్మానని కాదు. నమ్మకుండా ఉండటం నాకు చేతకాలేదు." ఆమె మంట తగ్గించింది. "పిల్లని కూడా ఆ వరసలో నిలబెట్టను. నువ్వు పోయి పడుకో. పాలు తెస్తాను."

చెప్పటానికి అంతకంటే మంచి సమయం ఉండదు. అప్పటికి గొంతు బాగానే ఉంది. ఒక్క మాట చాలు. అమ్మా, నాదీ అదే జబ్బు.

మేస్త్రి వెళ్లి పడుకున్నాడు.

* * *

రేడియేషన్ గది బయట పన్నెండు కుర్చీలు. ఒక్కొక్కరికీ ముఖం మీద వేడి ప్లాస్టిక్ వల సాగదీసి అచ్చు తీశారు. ఆ అచ్చుల్ని గోడకి మేకులకి తగిలించారు, మీద అంటించిన కాగితం ముక్కల్లో పేర్లు. బల్ల మీద పడుకోబెట్టి, వలని ముఖం మీద బోర్లించి, బల్లకి బిగిస్తారు. పెదవి కూడా కదలదు. "ఏమన్నా ఇబ్బందైతే చెయ్యెత్తండి, కెమెరాలో చూస్తుంటాం" అంటుంది లోపలి అమ్మాయి. తలుపు మూసుకుంటుంది.

పక్క కుర్చీలో రోజూ ఒక లారీ డ్రైవరు కూచునేవాడు. నాలుక మొదట్లో క్యాన్సరు. ఆసుపత్రిలో కనపడిన మగవాళ్లందర్నీ బావా అని పిలిచేవాడు, తలుపు దగ్గరి కాపలావాడితో సహా.

"ఏం బావా, ఎవరితోనూ మాట్లాడవేం? కొత్త పెళ్లికొడుకులా కూచున్నావ్."

"మాట్లాడ్డానికేముంది."

"చాలా ఉంది. నాది పొగాకు రకం. ముప్పై ఏళ్లు బుగ్గలో పెట్టుకుని పెంచాను, అది నన్ను ఇప్పుడు మింగుతానంటోంది. సగం సగం అన్నారు. నీకెంతిచ్చారు?"

"ఎనభై."

"ఓరి నీ! పరీక్షలో ఫస్టుక్లాసు. ఏ రకం?"

"సీసం పొగ" అన్నాడు మేస్త్రి.

డ్రైవరు నవ్వి, నవ్వితే నొప్పి పుట్టి, దవడ పట్టుకుని మళ్లీ నవ్వాడు. "సీసమా! ఆ తలుపు చూడు, కిరణాలు బయటికి రాకుండా అంత మందాన సీసమే. అందులోకి తోసి మరీ బాగుచేస్తున్నారా నిన్ను? బావా, నేను లారీవాణ్ని, నాకు చెక్‌పోస్టు కబుర్లు చెప్పకు. పొగ తాగకుండా ఎనభై వచ్చిందంటే అది వైరస్ రకం. ఈ కుర్చీల్లో ముగ్గురున్నారు అలాంటివాళ్లు. అదిగో ఆ కళ్లద్దాలాయన లెక్కల మాస్టారు. ఆయనే చెప్పాడు నాకు. చెప్తే ఏం పోయింది? కుర్చీ కూడా మారలేదు."

డ్రైవరు భార్య ఆ పక్కన కూచుని ఉంది. సన్నగా, ఒళ్లో నీళ్ల సీసాతో. రోజూ వస్తుంది, ఏమీ అనదు. డ్రైవరు గొంతు తగ్గించాడు.

"ఇది చూశావా? పొగాకు మానమని ముప్పై ఏళ్లు నెత్తీ నోరూ బాదుకుంది. 'నే చెప్పానా' అని ఒక్కసారి అన్నా నాకు తేలికపడేది. అనదు. వచ్చి కూచుంటుంది. ఎందుకు కూచుంటుందో నాకర్థం కాదు బావా. నేనైతే కూచునేవాణ్ని కాదు."

ఆరోజు వల కింద పడుకున్నప్పుడు మేస్త్రికి ఊపిరాడలేదు. వల ఎప్పటంత బిగుతుగానే ఉంది. చెయ్యెత్తలేదు.

మూడోవారానికి తిండికి రుచి పోయింది. ఉప్పూ తీపీ ఒకటే, తడి అట్టముక్క నమిలినట్టు. నాలుగోవారానికి ఉమ్మి జిగురైంది, నోరంతా పుళ్లు లేచాయి, తిండికి ముక్కులోంచి గొట్టం వేశారు. మెడ కుడిపక్క కాల్చిన తోలులా నల్లబడింది. కానీ గడ్డ కరిగింది. వేళ్లతో వెతికినా దొరకలేదు. డాక్టరమ్మ తడిమి చూసి "చెప్పానా, మంచి రకమని" అంది.

అయిదోవారం సోమవారం డ్రైవరు కుర్చీ ఖాళీగా ఉంది. మంగళవారమూ ఖాళీయే. బుధవారం అతని ముఖం అచ్చు గోడ మీద లేదు, ఒట్టి మేకుంది. మేస్త్రి లోపలి అమ్మాయి వైపు చూసి ఆ మేకుకేసి వేలు చూపాడు.

"ఆయనకి ఆపేశారండి. ఊపిరితిత్తుల్లోకి పోయింది. ఇంటికి తీసుకెళ్లారు."

మేస్త్రి తన వంతు వచ్చేదాకా ఆ మేకునే చూశాడు. తనకి డ్రైవరంటే ఇష్టం లేదని ఇన్నాళ్లూ అనుకున్నాడు. ఇద్దరూ ఒకే బల్ల మీద పడుకున్నారు, ఒకే యంత్రం కింద. ఒకడు తప్పు చేశానని రోజూ కుర్చీలో కూచుని నవ్వుతూ ఒప్పుకున్నాడు, వాడికి సగం. ఒకడు నోరు మూసుకున్నాడు, వాడికి ఎనభై. ఈ తూకం ఎవడు బిగించాడో వాడి చెయ్యి విరగ్గొట్టాలి అనుకున్నాడు.

ఇంటికొచ్చాక ఫ్రిజ్ వైపు చూశాడు. కాగితం అక్కడే ఉంది. నెలాఖరు మర్నాడే.

* * *

పొద్దున మనవరాలు జడలు వేయించుకుని, సంచీ తగిలించుకుని చెప్పులు వెతుక్కుంటోంది. కూతురు డబ్బాలో తిండి సర్దుతోంది. మేస్త్రి గోడ పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. వారం రోజులుగా అతని గొంతులోంచి మాట రాలేదు. కావాల్సింది మనవరాలి పాత నోట్‌బుక్కులో రాసి చూపిస్తున్నాడు. నీళ్లు. మందు. కిటికీ.

ఇది రాయకూడదనుకున్నాడు. రాస్తే కాగితం చూస్తుంది, తన ముఖం చూడదు.

"అమ్మా" అన్నాడు. గరుకు కాగితం రాసినట్టు వచ్చింది మాట.

కూతురు ఉలిక్కిపడింది. "మాట్లాడకు నాన్నా. పుళ్లు చిట్లుతాయి. రాసివ్వు."

తల అడ్డంగా ఊపాడు. ఫ్రిజ్ మీది కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు.

"పళ్లేలు... మార్చి చూళ్లేదు."

ఆ మాట ఆమెకి తెలుసు. చిన్నప్పుడు కొట్టులో కూచోబెట్టి నేర్పిన మొదటి పాఠం అదే. తక్కెడ ఒకపక్కకి వాలితే వెంటనే సరుకుని తప్పుపట్టకూడదు. సరుకుని రాయి పళ్లెంలోకి, రాయిని సరుకు పళ్లెంలోకి మార్చి మళ్లీ తూచాలి. ముల్లు అప్పుడూ ముందువాలిన పక్కకే వాలిందంటే తప్పు సరుకుది కాదు, తక్కెడ దండెది. రెండోసారి తూచకుండా ఎవర్నీ మాట అనకూడదు. నలభై ఏళ్లలో ఏ కొట్టువాడి దగ్గరా అతను ఆ నియమం తప్పలేదు.

కూతురి ముఖం గట్టిపడింది. డబ్బా మూత బిగించింది.

"కాటాల సంగతి నాకు చెప్పకు. మామూలు మాటల్లో చెప్పు."

మేస్త్రి నీళ్లు ఒక గుక్క పట్టి, మింగలేక, సింకులో వదిలాడు. నీళ్లు ఎర్రగా ఉన్నాయి.

"సీసం కాదు. నాదీ మీ అమ్మదీ ఒకటే. వైరస్సు. ఆమెకి గర్భసంచిలో. నాకు గొంతులో."

కూతురు చేతిలో డబ్బా కింద పెట్టింది. హాల్లోంచి మనవరాలు "అమ్మా, నా ఎడమ చెప్పేది?" అని అరిచింది.

"తిరిగితే వచ్చేది కాదు. ఎవరికైనా వస్తుందట. అయినా..." ఊపిరి పీల్చాడు. "తిరిగింది నేను. పెళ్లికి ముందు. రెండుసార్లు. ఆమె కాదు. నేనే ఇచ్చానేమో. తెలీదట. ఏ పరీక్షా చెప్పదట."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"మొదటిరోజే."

"నన్ను బయటుండమన్నావే, ఆరోజు."

తలూపాడు.

"అయిదు వారాలు. ఈ కాగితం ఇక్కడే ఉంది. రోజూ దాని కింద నించుని నీళ్లు తాగావు." ఆమె గొంతు పెరగలేదు, ఇంకా తగ్గింది. "గొంతు బాగున్నన్నాళ్లూ చెప్పలేదు. గొంతు పోయాక చెప్తున్నావు."

"అవును."

"అమ్మ అడిగింది నిన్ను. ఒకసారి ఆ డాక్టర్నే అడగమంది."

"అడగలేదు."

"అడిగుంటే ఏమయ్యేది? ఆవిడ బతికేది కాదు, నాకు తెలుసు. ఏడు నెలలూ పక్కన ఒక మనిషుండేవాడు. అంతేగా." ఆమె చేతి వెనకతో ముక్కు తుడుచుకుంది. "నీది మంచి రకం. మరి అమ్మది ఏ రకం నాన్నా?"

మేస్త్రి కాగితాన్ని ఇంకాస్త ఆమె వైపు జరిపాడు.

కూతురు డ్రాయరు లాగి కలం తీసింది. కాగితం మీద సంతకం పెట్టింది. చివరి గీత దగ్గర కాగితం చిరిగేంత గట్టిగా పెట్టింది. మడిచి, హాల్లోకి వెళ్లి, మనవరాలి సంచీ ముందు అరలో పెట్టింది. "ఇది టీచర్‌కివ్వు. మర్చిపోతే వీపు విమానం మోత మోగుతుంది. చెప్పు సోఫా కింద చూడు."

"ఏంటమ్మా అది?"

"టీకా. చేతికి వేస్తారు. చీమ కుట్టినట్టుంటుంది."

"అమ్మో, పెద్ద చీమా, చిన్న చీమా?"

"పో ముందు."

తలుపు పడింది. కూతురు మళ్లీ వంటింట్లోకి వచ్చి, అతనికెదురుగా కాకుండా, కిటికీకి ఎదురుగా నిలబడింది.

"క్షమించమని అడక్కు."

"అడగను" అన్నాడు.

"నీ కూతుర్ని. నాకూ చేతకాదు." కిటికీ తలుపు తెరిచింది. "రేపు పొద్దున్న నీ రేడియేషన్‌కి ముందు నేను పరీక్షకి వెళ్తాను. నువ్వు నాతో రా. లోపల కూచోవాలి. గేటు దగ్గర కాదు."

* * *

ఆడవాళ్ల విభాగంలో గోడ పొడుగునా బెంచీలు. పదిహేను మంది దాకా ఆడవాళ్లు. మగవాడు మేస్త్రి ఒక్కడే. నల్లబడ్డ మెడ, ముక్కులోంచి తిండి గొట్టం, చేతిలో తువ్వాలు. ఒక ముసలామె అతన్ని చూసి చెంగు సర్దుకుంది. ఇంకొకామె పక్కామె చెవిలో ఏదో అంది. చూడనీ అనుకున్నాడు. పదహారేళ్ల కిందట ఇవే చూపుల మధ్య అతని భార్య కూచుంది, పక్కన పంతొమ్మిదేళ్ల పిల్లని పెట్టుకుని.

నర్సు వచ్చి "పెద్దాయనా, గొంతు వార్డు పక్క బ్లాకులో" అంది.

"కూతురు" అన్నాడు, లోపలి తలుపుకేసి చూపిస్తూ.

నర్సు అతన్ని పైనుంచి కింది దాకా చూసి "సరే, కాళ్లు లోపలికి పెట్టుకోండి, ట్రాలీ తిరుగుతుంది" అని పోయింది.

కిటికీలోంచి గేటు కనపడుతోంది. అక్కడొకడు నిల్చున్నాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. చేతిలో ఆడవాళ్ల సంచీ, రెండు చేతులతో పొట్టకి అదిమి పట్టుకున్నాడు. లోపలికి చూస్తాడు, మళ్లీ రోడ్డుకేసి చూస్తాడు. మేస్త్రి వాడికేసి చూస్తూ బెంచీ మీద కొంచెం జరిగి చోటిచ్చాడు. చేత్తో ఆ చోటు మీద తట్టాడు కూడా. వాడు చూశాడు. చూసి, ముఖం తిప్పుకున్నాడు. వాడి చెవిలో ఎవడు ఏమన్నాడో.

మేస్త్రికి లేచి వెళ్లి వాడి చొక్కా పట్టుకోవాలనిపించింది. కాళ్లలో అంత సత్తువ లేదు. లోపల కూచోమంది కూతురు. కూచున్నాడు.

పది నిమిషాలకి కూతురు బయటికొచ్చింది. చేతిలో చిన్న చీటీ. అతను జరిగి ఇచ్చిన చోట్లో కూచుని చెప్పు పట్టీ పెట్టుకుంది.

"అయిపోయిందా?" అన్నాడు. సగం గాలే వచ్చింది.

"అయిపోయింది. పది నిమిషాలు. ఇంతోటి దానికి పదేళ్లు ఎగ్గొట్టాను." పట్టీ రంధ్రంలో పడక రెండుసార్లు జారింది. "రెండు వారాల్లో చెప్తారట."

మేస్త్రి మెడ మీద తువ్వాలు సర్దుకున్నాడు. రెండు వారాలకి తన వైద్యం అయిపోతుంది. ఎనభైలో ఉన్నాడో ఇరవైలో ఉన్నాడో అప్పుడు కూడా ఎవరూ తేల్చి చెప్పరు. అయిదేళ్లాగమంటారు. కానీ తన ఎనభై సంగతి ఆ పూట అతనికి పట్టలేదు. ఆమె చేతిలో చీటీ మీది నంబరు చదివి, మర్చిపోకుండా మనసులో రెండుసార్లు అనుకున్నాడు.

"రిపోర్టు రోజు కూడా వస్తా" అన్నాడు.

"రా" అంది కూతురు, అతనికేసి చూడకుండా. "మాట్లాడకు ఇంక. లే, నీ టైమవుతోంది."

లేచారు. గేటు దాటేటప్పుడు ఆ సంచీ మనిషి ఇంకా అక్కడే నిల్చుని ఉన్నాడు. మేస్త్రి వాడి ముందు ఆగాడు. గొంతులో ఉన్న కాస్త మాటా కూతురి దగ్గర ఖర్చయిపోయింది. వాడి చేతిలో సంచీ పట్టుకుని, లోపలి బెంచీ వైపు ఒక్కసారి గట్టిగా లాగి, వదిలేసి, రేడియేషన్ బ్లాకు వైపు నడిచాడు.